మిద్దె మీద కంప్యూటర్, కింద పెద్దాయన



మన సంఘం పాత సంచికలను, తీర్మానాలను, అచ్చుకు పోకుండా మిగిలిన పుస్తకాలను మేము ముగ్గురం కలిసి ఒక్కొక్కటిగా తెరుస్తున్న సంగతి మీలో చాలామందికి తెలుసు. పోయిన కూటంలో దాని గురించి రెండు ప్రశ్నలు వచ్చినాయి. ఒకటి, "ఇరవై ఏండ్ల నాటి ఫైళ్ళు ఇప్పటి కంప్యూటర్లో ఎట్లా తెరుచుకుంటున్నాయి?" అని. రెండోది, "కంప్యూటర్ మిద్దె మీద గదిలో ఉంటే మీరు కింద వసారాలో కూర్చుని ఎట్లా పని చేస్తున్నారు?" అని. కూటంలో రెండు మాటల్లో చెప్పినది ఎవరికీ చాలలేదు. అందుకే తీరుబడిగా రాస్తున్నాము. కొంచెం పొడుగే. కంప్యూటర్ పని తెలియనివారికి కూడా అర్థమయ్యేలా రాసినాము. తెలిసిన పిల్లకాయలకు కావలసిన వివరాలు కూడా నడుమ నడుమ ఉన్నాయి.

ముందు ఆ ఫైళ్ళ సంగతి చెబుతాము.

1990ల చివరి నుంచి పదేండ్లకు పైగా మన సంఘం అచ్చుపని అంతా పేజ్‌మేకర్‌లో జరిగింది. ఆ రోజుల్లో తెలుగు డీటీపీ అంటే ఎక్కడైనా అంతే. హోసూరు అయినా, బెంగళూరు అయినా, మదరాసు అయినా పేజ్‌మేకర్ తెరిచి, అను ఫాంట్లలోనో శ్రీలిపి ఫాంట్లలోనో కొట్టేవారు. ఆ ఫైళ్ళు సీడీల్లో, ఒక పాత హార్డ్ డిస్కులో, కొన్ని ఫ్లాపీల్లో మిగిలినాయి. అచ్చయిన సంచికల్లో సగానికి సగం చెదలు తినేసినాయి. మిగిలిన వాటికి కూడా కొన్నింటికి అట్టలు లేవు, కొన్నింటికి నడిమి పేజీలు లేవు.

ఆ ఫైళ్ళలో ఏముంది? డెంకణికోట, తళి, బాగలూరు చుట్టుపక్కల పల్లెల్లో అవ్వలు నాట్లప్పుడు పాడిన పాటలు ఉన్నాయి. ఊరి పేర్ల కథలు ఉన్నాయి. మన తావుల్లో వాడే మాటల పట్టీలు ఉన్నాయి. బడుల్లో తెలుగు అయ్యవార్లు కావాలని సంఘం రాసుకున్న తీర్మానాలు, పంపిన అర్జీల నకళ్ళు ఉన్నాయి. 1956లో భాషల లెక్కన రాష్ట్రాలు ఏర్పడినప్పుడు మనం ఇటు ఉండిపోయినాము. అప్పటి నుంచి మన మాటను మనమే రాసి పెట్టుకోవలసి వచ్చింది. ఆ రాతలో పెద్ద భాగం ఈ ఫైళ్ళలోనే ఉంది. ఆ పాటలు పాడిన అవ్వల్లో ఇప్పుడు ఒక్కరూ లేరు.

ఈ ఫైళ్ళను ఇప్పటి కంప్యూటర్లో తెరిస్తే తెలుగు కనబడదు. చుక్కలు, గీతలు, డాలరు గుర్తులు, ఏవో విదేశీ అక్షరాలు కనబడతాయి. ఫైలు చెడిపోయిందని అనుకుని పారేసినవారు ఉన్నారు. నిజానికి అది చెడిపోలేదు. ఆనాటి ఫాంట్లలో తెలుగు అక్షరానికి సొంత సంఖ్య ఉండేది కాదు. ఇంగ్లీషు అక్షరాలకూ, గుర్తులకూ కేటాయించిన తావుల్లోనే తెలుగు ముక్కల బొమ్మలు కూర్చోబెట్టినారు. తలకట్టు ఒక ముక్క, కొమ్ము ఒక ముక్క, ఒత్తు ఒక ముక్క. కొన్ని ఫాంట్లలో ఒక్క అక్షరానికే రెండు మూడు ముక్కలు కలపాలి. ఆ ఫాంట్ ఉంటే తెలుగు కనబడుతుంది, లేకుంటే దాని కింద ఉన్న గుర్తులే కనబడతాయి. ఇందులో ఎవరి తప్పూ లేదు. ఆ ఏర్పాటు లేకుంటే ఆనాడు తెలుగులో పత్రికే వచ్చేది కాదు.

మీరు ఇప్పుడు చదువుతున్న ఈ రాత యూనికోడ్‌లో ఉంది. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగుకు 128 తావుల గడి ఇచ్చినారు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి అనే తెలుగు ఫాంట్ కూడా ఉంది. కానీ అదే ఏడు వచ్చిన పేజ్‌మేకర్ 7కు యూనికోడ్ తెలుగు రాదు. కాబట్టి అచ్చుపని పాత ఫాంట్లలోనే చాలా ఏండ్లు సాగింది. అంటే మన ఫైళ్ళు సరిగా కనబడాలంటే మూడూ ఒకేచోట ఉండాలి. పాత విండోస్, దానిలో పేజ్‌మేకర్, దానిలో ఆ ఫాంట్లు.

ఈ మూడూ ఉన్న కంప్యూటర్ సంఘంలో ఒక్కటే మిగిలింది. దాని ఫ్యాను తిరుగుతూ తిరుగుతూ ఆగుతోంది. హార్డ్ డిస్కు అప్పుడప్పుడు టిక్కు టిక్కుమంటోంది. ఆ శబ్దం వింటే బాగుచేసేవాళ్ళు ముందు అడిగేది "బ్యాకప్ ఉందా?" అనే. అట్లాంటి మదర్‌బోర్డు ఇప్పుడు దొరకదు. కొత్త కంప్యూటర్లో పాత ఎక్స్‌పీ నేరుగా ఎక్కదు. ఈ ఇరకాటంలో మాకు దొరికిన దారి వర్చువల్ మెషీన్.

వర్చువల్ మెషీన్ అంటే కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్. ఒక పెద్ద ఇల్లు ఉందనుకోండి. ఇంటాయన ఒక వాటా బాడుగకు ఇస్తాడు. బాడుగకు వచ్చినవారికి తమ వంటిల్లు, తమ తలుపు, తమ తాళం ఉంటాయి. వారికి అదే ఒక ఇల్లు. నీళ్ళు, కరెంటు మాత్రం ఇంటాయన లైన్ నుంచే వస్తాయి. అట్లాగే కొత్త కంప్యూటర్లో కొంత ర్యామ్, కొంత డిస్కు విడిగా ఇచ్చి, "నువ్వు 2001 నాటి కంప్యూటర్‌వి" అని ఎక్స్‌పీని నమ్మిస్తాము. దాని హార్డ్ డిస్కు మనకు ఒక ఫైలు మాత్రమే. ఆ ఒక్క ఫైలును పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని పోతే ఆ కంప్యూటర్ మొత్తం మన జేబులో ఉన్నట్టే.

ఈ ఆలోచన కొత్తది కాదు. ఐబీఎం పెద్ద కంప్యూటర్లలో 1972 నాటికే ఉంది. మనబోటివారి ఇండ్లకు రావడానికి చాలా కాలం పట్టింది. 2003లో ఫాబ్రీస్ బెల్లార్డ్ అనే ఫ్రెంచి ప్రోగ్రామర్ క్యూఈఎంయూ అనే సాఫ్ట్‌వేర్‌ను బయటపెట్టినాడు. 2005లో ఇంటెల్, 2006లో ఏఎండీ తమ ప్రాసెసర్లలోనే దీనికి సాయం చేసే ఏర్పాటు పెట్టినాయి. 2007లో కేవీఎం అనేది లినక్స్ లోపలే చేరింది. ఇవన్నీ ఉచితం. మేము వాడుతున్నది కూడా ఇవే. మీ ఇంట్లో ప్రయత్నించాలంటే ముందు బయాస్‌లోకి పోయి వర్చువలైజేషన్ అనే ఎంపిక ఆన్‌లో ఉందో లేదో చూడండి. చాలా కంప్యూటర్లలో అది ఆఫ్‌లో ఉంటుంది. అది ఆన్ చేయకుంటే ఎక్స్‌పీ ఎడ్లబండి మాదిరి నడుస్తుంది.

మా ముగ్గురిలో ఒకరి ఇంట్లో మిద్దె మీద చిన్న గది ఉంది. అక్కడ 16 జీబీ ర్యామ్ ఉన్న డెస్క్‌టాప్ పెట్టి లినక్స్ ఎక్కించినాము. దానికి తెర లేదు, కీబోర్డు లేదు. కరెంటు తీగ, ల్యాన్ కేబుల్, ఒక యూపీఎస్, అంతే. ఆ లినక్స్‌లో ఎక్స్‌పీకి 1 జీబీ ర్యామ్, 20 జీబీ డిస్కు ఇచ్చినాము. ఎక్స్‌పీకి అది ధారాళంగా సరిపోతుంది. డిస్కు రకం దగ్గర ఐడీఈ అని ఎంచుకోవాలి. కొత్త రకం ఇస్తే ఎక్స్‌పీకి దాని డ్రైవర్ తెలియదు, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు డిస్కే లేదంటుంది. సంఘం ఆనాడు డబ్బు పెట్టి కొన్న సీడీలనే వాడినాము. పాత డీటీపీ సాఫ్ట్‌వేర్లలో కొన్నింటికి యూఎస్‌బీ డాంగిల్ ఉంటుంది. అది మిద్దె మీది కంప్యూటర్‌కు గుచ్చి, ఎక్స్‌పీకి అప్పగించే వీలు ఉంది. కాబట్టి డాంగిల్ ఉన్నవారు కూడా భయపడనక్కరలేదు.

ఇంతవరకు ఒక భాగం. అసలు చిక్కు ఆ తరువాత వచ్చింది.

పాత ఫైలును తెరిచినంత మాత్రాన పని అయిపోదు. ఆ రాతను యూనికోడ్‌కు మార్చాలి. మార్చే ప్రోగ్రాములు ఉన్నాయి, కానీ నూటికి నూరు సరిగా రాదు. పాత ఫాంట్లలో ముక్కలు కంటికి కనబడే వరుసలో ఉంటాయి. యూనికోడ్‌లో అక్షరాలు పలికే వరుసలో ఉంటాయి. ఒత్తుల దగ్గర, క్రావడి దగ్గర తేడా వస్తుంది. ప్రతి పేజీనీ మూలంతో పోల్చి చూడాలి. ఎవరు చూడాలి? మా ముగ్గురిలో ఇద్దరు పొద్దున్నే బెంగళూరుకు ఉద్యోగానికి పోయి చీకటి పడ్డాక వచ్చేవారు. పైగా మాకు వచ్చిన తెలుగు ఇంట్లో మాట్లాడేది, కొంచెం చదివేది, అంతే. 2006 చట్టం తరువాత మన బడుల్లో ఒకటో తరగతి నుంచి ఏటా ఒక్కో తరగతి చొప్పున తమిళం తప్పనిసరి అయింది. ఇక్కడ బతికేవారికి తమిళం అక్కరే, ఆ మాట కాదనము. కానీ మన పిల్లల్లో తెలుగు తప్పుల్లేకుండా దిద్దగలిగినవారు ఎంతమంది ఉన్నారో మీకే తెలుసు.

దిద్దగలిగినవారు మన పెద్దాయన. ముప్పై ఏండ్లకు పైగా బడిలో తెలుగు చెప్పినవారు. ఆ పాటల్లో కొన్నింటిని స్వయంగా పల్లెలకు పోయి రాసుకొచ్చినవారు. వయసు డెబ్బై ఎనిమిది, మోకాళ్ళ నొప్పి. మిద్దె మెట్లు ఎక్కలేరు. కంప్యూటర్‌ను కిందికి దింపుదామంటే వసారాలో చిన్నపిల్లలు, వాన జల్లు, తీగలు. పైగా ఆ గదిలోనే రౌటర్ ఉంది. కాబట్టి పెద్దాయన పైకి పోకుండా, కంప్యూటర్ కిందికి రాకుండా, కంప్యూటర్ తెర ఒక్కటి కిందికి రావాలి. ఇంటి నెట్‌వర్క్‌లో వర్చువల్ మెషీన్‌ను దూరం నుంచి నడపడం అంటే మాకు అర్థమైనది ఇదే.

దీనికి మేము వాడినది ఎస్ఎస్‌హెచ్. 1995లో ఫిన్లాండ్‌లోని హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయం నెట్‌వర్క్‌లో ఎవరో దూరి పాస్‌వర్డులు దొంగిలించినారు. అక్కడి పరిశోధకుడు తాతు ఉలోనెన్ దానికి విరుగుడుగా దీనిని రాసినాడు. రెండు కంప్యూటర్ల నడుమ పోయే మాటను దారిలో ఎవరూ చదవలేకుండా చుట్టి పంపుతుంది. పాస్‌వర్డ్ బదులు తాళం జత పెట్టుకోవచ్చు. ఒక సగం ల్యాప్‌టాప్‌లో ఉంటుంది, అది బయటికి పోదు. ఇంకో సగాన్ని మిద్దె మీది కంప్యూటర్లో పెడతాము. రెండూ కలిస్తేనే తలుపు తెరుచుకుంటుంది. అది కుదిరినాక పాస్‌వర్డ్‌తో రావడం మూసేసినాము.

కింద ఉన్న ల్యాప్‌టాప్‌లో కూడా లినక్స్ వేసి, వర్ట్ మేనేజర్ అనే ప్రోగ్రాం పెట్టినాము. దానిలో ఫైల్ మెనూలో యాడ్ కనెక్షన్ నొక్కి, క్యూఈఎంయూ/కేవీఎం ఎంచుకుని, ఎస్ఎస్‌హెచ్ ద్వారా దూరపు కంప్యూటర్‌కు కలపమని టిక్కు పెట్టి, మిద్దె మీది కంప్యూటర్ పేరు, మన యూజర్ పేరు ఇస్తే చాలు. పట్టీలో ఎక్స్‌పీ కనబడుతుంది. రెండుసార్లు నొక్కితే దాని తెర ఇక్కడే తెరుచుకుంటుంది. ఆ తెర బొమ్మ కూడా ఎస్ఎస్‌హెచ్ గొట్టం లోపలి నుంచే వస్తుంది కాబట్టి దానికోసం వేరే తలుపులు తెరవనక్కరలేదు.

ఇక్కడ చాలామంది తట్టుకునే రాళ్ళు మూడు. మొదటిది, మిద్దె మీది కంప్యూటర్లో మన యూజర్‌ను లిబ్‌వర్ట్ అనే గుంపులో చేర్చాలి. చేర్చకుంటే ఎస్ఎస్‌హెచ్ లోపలికి రానిస్తుంది గానీ మెషీన్లను ముట్టుకోనివ్వదు. రెండోది, సిస్టమ్, సెషన్ అని రెండు వేర్వేరు కొట్లు ఉంటాయి. సిస్టమ్‌లో చేసిన మెషీన్ సెషన్‌లో చూస్తే కనబడదు. పట్టీ ఖాళీగా ఉంటే మెషీన్ పోయిందని గుండె పట్టుకోకండి, ఇంకో కొట్టులో చూడండి. మూడోది, రౌటర్ అప్పుడప్పుడు కంప్యూటర్‌కు కొత్త అడ్రస్ ఇస్తుంది. నిన్న కలిసినది ఈరోజు కలవదు. రౌటర్ సెట్టింగులలో ఆ కంప్యూటర్‌కు ఎప్పుడూ ఒకే అడ్రస్ ఇవ్వమని రాసిపెడితే ఆ బాధ ఉండదు.

ల్యాప్‌టాప్‌లో విండోస్ మాత్రమే ఉన్నవారికి కాక్‌పిట్ అనే దారి ఉంది. మిద్దె మీది కంప్యూటర్లో అది వేస్తే, బ్రౌజర్‌లో ఆ కంప్యూటర్ అడ్రస్, 9090 అనే పోర్టు కొట్టి మెషీన్‌ను వెలిగించవచ్చు, ఆర్పవచ్చు, తెర చూడవచ్చు. ఫోన్ నుంచి కూడా వెలిగించవచ్చు.

నెట్‌వర్క్ గురించి ఒక మాట. మనం ఏమీ మార్చకుంటే వర్చువల్ మెషీన్ ఇంటాయన చాటున ఉంటుంది. అది బయటికి పోగలదు, ఇంట్లోని మిగతా కంప్యూటర్లు నేరుగా దాని దగ్గరికి రాలేవు. నేరుగా రావాలంటే బ్రిడ్జ్ కట్టాలి. మామూలు వైఫై మీద బ్రిడ్జ్ కుదరదు, ల్యాన్ కేబుల్ ఉండాలి. అందుకే మేము ఆ కంప్యూటర్‌ను కేబుల్‌తో కలిపినాము, రేపు వేరే మెషీన్ పెడితే అక్కరకు వస్తుందని. కానీ ఎక్స్‌పీకి మాత్రం బ్రిడ్జ్ ఇవ్వలేదు, ఆ చాటు కూడా ఇవ్వలేదు. దాని నెట్‌వర్క్ కార్డునే తీసేసినాము. తెర చూడటానికి మెషీన్‌కు నెట్‌వర్క్ ఉండనక్కరలేదు. తెరను పంపేది ఇంటాయనే.

ఇంత కట్టడి ఎందుకంటే ఎక్స్‌పీకి మరమ్మతులు 2014 ఏప్రిల్ 8తో ఆగిపోయినాయి. 2017 మే నెలలో వానాక్రై అనే పురుగు పాత విండోస్ ఫైల్ షేరింగ్ సందులో దూరి, ఎన్నో దేశాల్లో ఆసుపత్రుల, ఆఫీసుల ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగింది. అప్పుడు మైక్రోసాఫ్ట్ వాళ్ళు ఎక్స్‌పీకి కూడా ప్రత్యేకంగా ఒక అతుకు ఇచ్చినారు. అది మామూలుగా చేసే సాయం కాదు. రేపు కొత్త పురుగు వస్తే ఎవరైనా పలుకుతారన్న నమ్మకం లేదు. కాబట్టి మన అవ్వల పాటలు ఉన్న మెషీన్‌ను ఇంటర్నెట్టు వీధిలో నిలబెట్టము.

మరి ఫైళ్ళు లోపలికి, బయటికి ఎట్లా? లోపలికి పంపేటప్పుడు సీడీలోని ఫైళ్ళన్నింటినీ ఒక ఐఎస్ఓ ఫైలుగా చేసి, ఎక్స్‌పీ సీడీ డ్రైవులో పెట్టినట్టు చూపిస్తాము. దానికి అది నిజం సీడీయే. బయటికి తెచ్చేటప్పుడు ఎక్స్‌పీకి రెండో డిస్కు ఒకటి ఇచ్చి, పేజ్‌మేకర్ నుంచి రాతను దానిలోకి ఎక్స్‌పోర్ట్ చేసి, మెషీన్‌ను ఆర్పి, ఆ డిస్కును లినక్స్‌లో తెరుస్తాము. కాపీ పేస్టుతో తేము. పాత ఫాంట్ల గుర్తులు కొన్ని దారిలో మారిపోయే ప్రమాదం ఉంది. పేజీ ఉన్నది ఉన్నట్టు కావాలంటే పోస్ట్‌స్క్రిప్ట్ ఫైలుగా ప్రింట్ చేసి, లినక్స్‌లో గోస్ట్‌స్క్రిప్ట్‌తో పీడీఎఫ్ చేస్తాము.

కరెంటు గురించి చెప్పకుంటే ఈ రాత పూర్తి కాదు. మన ఊరిలో కరెంటు ఎప్పుడు పోతుందో ఎవరికి తెలుసు? యూపీఎస్‌కు యూఎస్‌బీ తీగ ఉంటే బ్యాటరీ తగ్గుతోందన్న కబురు కంప్యూటర్‌కు అందుతుంది. అప్పుడు అది ముందు ఎక్స్‌పీని నెమ్మదిగా ఆర్పి, తరువాత తాను ఆరిపోయేలా పెట్టుకోవచ్చు. మేము అట్లాగే పెట్టినాము. పని లేనప్పుడు ఆ కంప్యూటర్‌ను ఆర్పేస్తాము, కరెంటు బిల్లు ఇంటివారిదే కదా. మళ్ళీ వెలిగించడానికి మెట్లు ఎక్కనక్కరలేదు. వేక్ ఆన్ ల్యాన్ అనే ఏర్పాటు ఉంది. ల్యాప్‌టాప్ నుంచి 102 బైట్ల చిన్న కబురు పంపితే, ఆ నెట్‌వర్క్ కార్డు తన పేరు పదహారుసార్లు విని లేస్తుంది. బయాస్‌లో దానిని ఆన్ చేసి ఉండాలి.

నేర్చుకునే పిల్లకాయలకు ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. కమాండ్లలో డిస్ట్రాయ్ అనేది చూసి భయపడతారు. అది మెషీన్‌ను చెరిపేయదు, ప్లగ్గు పీకినట్టు ఆర్పేస్తుంది. మామూలుగా షట్‌డౌన్ వాడాలి. ఇంకో సంగతి, స్నాప్‌షాట్ వేరు, బ్యాకప్ వేరు. స్నాప్‌షాట్ చాలా మంచిది, ఫాంట్ ఎక్కించే ముందు ఒకటి తీసుకుంటే, ఏదైనా వికటిస్తే వెనక్కి పోవచ్చు. కానీ మా ఏర్పాటులో అది అదే డిస్కు ఫైలు లోపలే ఉంటుంది. డిస్కు పోతే రెండూ పోతాయి. బ్యాకప్ అంటే మెషీన్‌ను ఆర్పి, దాని డిస్కు ఫైలును, దాని వివరాలున్న ఎక్స్ఎంఎల్ ఫైలును వేరే డిస్కుకు నకలు తీసి, రెండు నకళ్ళూ ఒకటేనా అని చెక్‌సమ్‌తో సరిచూసుకోవడం. మనకు ఇప్పుడు మూడు నకళ్ళు ఉన్నాయి, మూడూ వేర్వేరు ఇండ్లలో.

ఇప్పుడు వసారాలో జరిగే పని చెబుతాము. ల్యాప్‌టాప్ తెరను రెండుగా చేస్తాము. ఎడమ పక్క ఎక్స్‌పీలో పేజ్‌మేకర్, ఆనాటి పేజీ ఆనాటి ఫాంట్లో. కుడి పక్క మార్చిన యూనికోడ్ రాత. పెద్దాయన అక్షరాలను పెద్దవి చేయించుకుని, వేలు పెట్టి చదువుతారు. మాలో ఒకరు దిద్దుతారు. మొదటి రోజు తన పాత వ్యాసం తెర మీద తెరుచుకోగానే ఆయన కండ్లజోడు తీసి తుడుచుకుని, "ఏమప్పా, ఇది నేను రాసిందే కదా, ఇది ఇంగా ఉందా!" అన్నారు.

ఒక నాటు పాటలో "ఇంగ", "యాడ" అనే మాటలు పదే పదే వచ్చినాయి. ఇది ఫాంట్ మార్పిడిలో వచ్చిన తప్పా, మూలంలోనే అట్లా ఉందా అని మాకు అనుమానం. "ఇంకా", "ఎక్కడ" అని ఉండాలేమో అని అడిగినాము. పెద్దాయన ఎడమ పక్క పేజీ చూపించి, "చూడప్పా, ఆడ కూడా అట్లే ఉంది. ఆ అవ్వ మాట్లాడేదే అట్ల. దిద్దితే ఆ అవ్వ పోతుంది, పుస్తకం మాట వస్తుంది" అన్నారు. మూలం పక్కనే లేకుంటే ఆ అనుమానం తీర్చే దారి ఉండేది కాదు. పెద్దాయన లేకుంటే, మూలం ఉన్నా దానిని నమ్మే ధైర్యం మాకు ఉండేది కాదు. రెండూ ఒకే తావులో, ఒకే వేళకు ఉండాలి. ఈ నెట్‌వర్క్ పని అంతా దానికోసమే.

కూటంలో ఇద్దరు ముగ్గురు వేరే మాట అన్నారు. వారి మాటలోనూ న్యాయం ఉంది కాబట్టి ఇక్కడ రాస్తున్నాము. "ఉన్న సంచికలను స్కాన్ చేసి పెట్టేస్తే సరిపోదా?" అన్నారు. సరిపోయేవాటికి అదే చేస్తున్నాము. కానీ చెదలు తిన్న పేజీని స్కాన్ చేయలేము, అచ్చుకే పోని పుస్తకానికి స్కాన్ లేదు. మాటల పట్టీలో ఒక మాట వెతకాలంటే అది బొమ్మగా ఉంటే కుదరదు, అక్షరంగా ఉండాలి. "ఇంటర్నెట్టులో బాడుగ సర్వర్ తీసుకుంటే ఎక్కడి నుంచైనా పని చేయవచ్చు కదా?" అని ఇంకొకరు. దిద్దిన యూనికోడ్ రాతను అట్లా పెట్టడానికి మాకు అభ్యంతరం లేదు, పెట్టాలి కూడా. ఎక్స్‌పీని మాత్రం పెట్టలేము, కారణం పైన చెప్పినాము. ఇంకా ఒకటి. నెలనెలా బాడుగ కట్టేవారు ఒకరోజు కట్టడం మరిస్తే ఆ సర్వర్ ఖాళీ అయిపోతుంది. ఇంట్లో ఉన్న డిస్కు ధూళి పట్టినా ఉంటుంది.

మాకున్న అసలు భయం యంత్రం గురించి కాదు. ఆ టిక్కు టిక్కు డిస్కులో ఉన్నదంతా ఇప్పుడు మూడు ఇండ్లలో భద్రంగా ఉంది. ఎన్నేండ్లయినా ఆ ఎక్స్‌పీని ఏదో ఒక కంప్యూటర్ లోపల వెలిగించవచ్చు. పెద్దాయనకు, ఆయన ఈడువారికి నకలు లేదు. వారంలో మూడు సాయంత్రాలు, సాయంత్రానికి గంటన్నర, పేజీకి ఇరవై నిమిషాలు పడుతోంది. సీడీల పెట్టెలో ఇంకా సగం తెరవనే లేదు. లెక్క వేసుకుంటే ఒక్కరితో ఇది తేలే పని కాదు.

అందుకే ఈ పొడుగు రాత. మీ నుంచి మాకు కావలసినవి ఇవి.

మీ ఇంట్లో అటకల మీద పాత సీడీలు, ఫ్లాపీలు, పనిచేయని కంప్యూటర్ల హార్డ్ డిస్కులు ఉంటే పాత సామానువానికి వేయకండి. పెళ్ళిపత్రికల ఫైళ్ళయినా సరే, ఆనాటి ఫాంట్ ఫైళ్ళు వాటి పక్కనే ఉండవచ్చు. తెరిస్తే పిచ్చి గుర్తులు వచ్చినా పారేయకండి, ఆ గుర్తులే మన తెలుగు.

తెలుగు బాగా చదవగలిగిన పెద్దలు ఇంకో నలుగురు కావాలి. మెట్లు ఎక్కనక్కరలేదు, కంప్యూటర్ తెలియనక్కరలేదు. వసారాలో కుర్చీ, అక్షరాలు పెద్దవి చేసిన తెర, పక్కన దిద్దడానికి మాలో ఒకరు, కాఫీ ఉంటాయి. మా ఇంటికి రాలేనివారుంటే, ఎక్స్‌పీ నకలు ఒకటి ల్యాప్‌టాప్‌లోనే పెట్టుకుని మీ ఇంటికే వస్తాము.

కంప్యూటర్ చదివిన పిల్లకాయలు ఇద్దరు కావాలి. తాళం జతలు, నకళ్ళ తావులు, వెలిగించే వరస అంతా తెలుగులో రెండు పేజీలు రాసి పెట్టినాము. సంఘం కార్యదర్శి దగ్గర ఒక కవరులో ఉంది. ఇప్పుడు ఆ పని తెలిసినవారము ముగ్గురమే. ముగ్గురం బెంగళూరు రోడ్డు మీద తిరిగేవారము. ఇంకో ఇద్దరికి చేతికి వస్తే మాకు నిద్ర పడుతుంది.

దిద్దిన మొదటి ముప్పై పాటలు వచ్చే కూటానికి అచ్చు తీసి తెస్తాము. ఏ పాట ఏ ఊరిదో రాసి ఉంటుంది. మీ ఊరి పాట ఉంటే ఇంట్లో పిల్లల చేత చదివించండి. ఎక్కడైనా మాట తేడాగా ఉందనిపిస్తే మాకు చెప్పండి, మూలం తెరిచి మీ ముందరే చూపిస్తాము.